కుర్చీని పెరటివైపు తిప్పండి

రేపు పొద్దున కాఫీ తాగేటప్పుడు కుర్చీని పెరటివైపు తిప్పుకోండి. ఫోను గదిలోనే వదిలేయండి. పావుగంట కూర్చుంటే చాలు. ఎదురుగా జామచెట్టో, కరివేపచెట్టో, బట్టలారేసే తీగో ఉంటుంది. వాటి మీదికి ఎవరొస్తున్నారో, ఏం చేస్తున్నారో, ఎందుకు లేచిపోతున్నారో చూడండి. మనసును ఒక చోట నిలబెట్టడం నేర్చుకోవాలనుకునేవాళ్లకు ఇంతకన్నా చవకైన సాధన నాకు తెలియదు. ఫీజు లేదు, ఊరు దాటే పని లేదు.

ఏకాగ్రత మాటెత్తగానే మన ఉపన్యాసకులు అర్జునుణ్ని తీసుకొస్తారు. చెట్టు మీద బొమ్మపిట్టను పెట్టి ఏం కనిపిస్తోందని ద్రోణుడు అడిగితే ధర్మరాజు చెట్టు, పిట్ట, తమ్ముళ్లు, మీరు అన్నాడు. అర్జునుడు పిట్ట కన్ను ఒక్కటే అన్నాడు. బాణం వేయాల్సినవాడికి ఆ జవాబు సరిపోతుంది. పెరట్లో కూర్చున్నవాడికి మాత్రం ధర్మరాజు జవాబే సరైనది. పిట్ట ఏ కొమ్మ మీద వాలింది, ఎండ ఎటునుంచి పడుతోంది, పక్క చెట్టు మీద ఎవరున్నారు, అంతసేపు గోల చేసిన గోరింకలు ఒక్కసారిగా ఎందుకు నోరు మూశాయి? తల పైకెత్తితే డేగ కనబడుతుంది. కన్ను ఒక్కటే చూసేవాడికి ఆ డేగ ఎప్పటికీ కనబడదు.

మార్కులు, ర్యాంకులు, టార్గెట్ల కోసం చిన్నప్పటినుంచీ మనకు బాణం వేసే చూపు బాగానే నేర్పారు. చుట్టూ ఉన్నదాన్ని పట్టుకునే రెండో చూపు నేర్పినవాళ్లు తక్కువ. కాపురానికీ, పిల్లల పెంపకానికీ, పదిమందితో కలిసి చేసే పనికీ ఆ రెండోదే ఎక్కువ కావాలి. అది పుస్తకాలతో రాదు. ఒకే చోట, ఒకే వేళకు, రోజూ కూర్చుంటే వస్తుంది.

అంగలకుదురు లాంటి ఊళ్లో ఉన్నవాళ్లకు ఇది మరీ సులువు. తెనాలిని ఆనుకుని ఉన్న ఊరు, చుట్టూ కృష్ణా పశ్చిమ డెల్టా మాగాణి. కాలువలకు నీళ్లొదిలితే వరి, వరి కోశాక మినుమో మొక్కజొన్నో. ఇళ్ల మధ్య కొబ్బరి, నిమ్మ, మునగ, మందారం. పొలం మీద బతికే పిట్టా, ఊరి మీద బతికే పిట్టా రెండూ మన పెరటి మీదుగానే పోవాలి. గోరింక, రామచిలుక, పిగిలిపిట్ట, గువ్వ, తేనెపిట్ట, జెముడుకాకి, కంసాలిపిట్ట, పిచ్చుక ఇంటి దగ్గరే కనబడతాయి. కరెంటు తీగ మీద తోక చీల్చుకుని కూర్చునే నల్లటిది పసులపోలిగాడు, కొందరు ఏట్రింత అంటారు. తనకన్నా ఎంతో పెద్దదైన కాకిని, గద్దను కూడా గూటి దరిదాపులకు రానివ్వదు. దుక్కి దున్నుతుంటే ట్రాక్టరు వెనక కొంగలు, నీళ్లు నిలిచిన మడిలో నత్తలు ఏరుకునే నత్తగుల్ల కొంగలు. ఉడుతలు, తొండలు, ముంగిస సరేసరి. రేపల్లె అవతల మడ అడవుల్లో బావురుపిల్లి ఉంది, సూర్యలంక తీరంలో వలస పిట్టలున్నాయి. వెళ్లి చూడాల్సినవే. అయితే ముందు ఇంటి పిట్టల పని చూడండి. పెరటి చెట్టు మందుకు పనికిరాదన్న సామెత మనల్ని చాలా నష్టపరిచింది.

రోజూ చూడటం వల్ల జరిగే మొదటి మేలు ఏమిటంటే, మనం చూడకుండా నమ్మినవి ఒక్కొక్కటిగా రాలిపోతాయి. కోయిలనే తీసుకోండి. ఉగాది దగ్గర పడగానే గొంతెత్తే ఆ పక్షిని మనం కోయిలమ్మ అంటాం. అలా కూసేది మగకోయిల. నిగనిగలాడే నలుపు, ఎర్రటి కన్ను. ఆడకోయిల గోధుమరంగు మీద తెల్లటి చుక్కలతో వేరే జాతి పిట్టలా ఉంటుంది, కిక్ కిక్ మని అరుస్తుంది. మన కరివేపచెట్టు పళ్లు తిని పోతుంటుంది గానీ దాన్ని కోయిల అని గుర్తుపట్టేవాళ్లు అరుదు. తేనెపిట్ట సంగతీ ఇంతే. జతకట్టే కాలంలో మగది ఎండ తగిలితే నీలం, ఊదా రంగుల్లో మెరుస్తుంది. ఆ కాలం దాటాక మాసిన పసుపురంగులోకి దిగిపోతుంది, గొంతు కింద నల్లటి చార ఒకటి మిగులుతుంది. అప్పుడప్పుడు చూసేవాడు రెండు రకాల పిట్టలనుకుంటాడు. రోజూ చూసేవాడికి అదే పిట్ట అని తెలుస్తుంది. మనుషుల విషయంలో మనం చేసే తీర్మానాలు ఎన్ని ఇలా ఒక్కసారి చూసి చేసినవో ఆలోచించండి. ఒక మీటింగులో ముభావంగా ఉన్న సహోద్యోగి, ఒక పెళ్లిలో పలకరించని మేనత్త. వాళ్ల రెండో రంగు మనం చూడనేలేదు.

ఇక పిట్టలు రావాలంటే ఏం చేయాలి?

అమెరికాలో ఉన్న మనవాళ్లు చాలామంది పెరట్లో గొట్టాల్లాంటి ఫీడర్లు వేలాడదీసి పొద్దుతిరుగుడు గింజలు పోస్తారు. అక్కడ ఫీడర్ల దగ్గరికొచ్చే పక్షులను మామూలు జనమే లెక్కపెట్టి పంపే ప్రాజెక్ట్ ఫీడర్‌వాచ్ 1987 నుంచి నడుస్తోంది. మనకు ఆ గొట్టం కొనాల్సిన పని లేదు. మన ఫీడరు వరికుచ్చు. కొత్త పంట ఇంటికొచ్చినప్పుడు కంకులను జడలా అల్లి చూరుకీ, గుడి మండపానికీ కట్టడం ఈ డెల్టాలో పెద్దవాళ్లకు తెలిసిన పనే. పిచ్చుక తలకిందులుగా వేలాడుతూ ఒక్కో గింజా పొట్టు ఒలుచుకుని తింటుంది. నేల మీద చల్లిన నూకలను పావురాలు, కాకులు ముందే ఊడ్చేస్తాయి. వేలాడే కంకిని పట్టుకుని తినే ఒడుపు పిచ్చుకకుంది. ఎవరికి పెట్టాలో వాళ్లకే చేరే ఏర్పాటది.

ఇప్పుడు చిక్కల్లా కోత మిషన్లతోనే. మిషన్ నడిచిన చేలో గడ్డి నలిగిపోతుంది, గింజ సంచిలోకి పోతుంది, కుచ్చు అల్లడానికి కంకి మిగలదు. అందుకని మిషన్ దిగకముందే రైతుని అడగాలి. గట్టు పక్కన రెండు గుప్పిళ్లు కొడవలితో కోసిస్తే చాలు. కాడలు మరీ ఎండిపోకముందే అల్లాలి, ఎండితే విరుగుతాయి. అల్లడం రాకపోతే మీ వీధిలో డెబ్బై దాటిన పెద్దాయన్ను అడగండి. ఆయన పక్కన కూర్చుని నేర్చుకునే ఆ గంట మీ ఇద్దరికీ మేలు చేస్తుంది. కుచ్చును మనిషి తలకన్నా ఎత్తులో, పిల్లి దూకలేని చోట, వాన తగలకుండా చూరు కింద కట్టండి. వరి దొరకని రోజుల్లో కొర్రలు, సజ్జలు వేలాడే గిన్నెలో పోయొచ్చు. ఉప్పు కలిసిన అన్నం, కారప్పూస, బిస్కట్లు పెట్టకండి. తడిసి బూజుపట్టిన గింజను వెంటనే తీసేయండి, అది పిట్టకు విషం.

గింజ కన్నా నీళ్లు ముఖ్యం. కాలువలు కట్టేసిన వేసవిలో మరీను. వెడల్పాటి మట్టి మూకుడు తీసుకోండి, రెండు వేళ్ల లోతు నీళ్లు పోయండి, మధ్యలో ఒక గరుకు రాయి పెట్టండి. రాయి ఉంటే చిన్న పిట్ట కూడా ధైర్యంగా దిగుతుంది. రోజూ నీళ్లు పారబోసి మార్చండి, వారానికోసారి పీచుతో రుద్ది కడగండి. లేకపోతే దోమలు పెరుగుతాయి, ఒక పిట్ట జబ్బు ఇంకోదానికి అంటుకుంటుంది. పనిని మొదలుపెట్టే ఉత్సాహం అందరికీ ఉంటుంది. మూకుడు కడిగే ఓపిక ఉన్నవాడే దాన్ని నిలబెడతాడు. పిల్లలకు బాధ్యత అలవాటు చేయాలనుకునే తల్లిదండ్రులు ఆ మూకుడును వాళ్లకు అప్పగించి చూడండి. ఎవరూ గుర్తుచేయకుండా, ఎవరూ మెచ్చుకోకుండా చేయాల్సిన పని అది. ఎండాకాలం సెలవుల్లో అంతకన్నా మంచి క్లాసు లేదు.

ఒక్క మాట గట్టిగా చెప్పాలి. చూరుకు కుచ్చు కట్టి, పాదుల మీద పురుగుమందు కొడితే ఆ కుచ్చు వృథా. పెద్ద పిచ్చుక గింజ తింటుంది గానీ గూట్లో ఉన్న పిల్లకు పురుగులే పెడుతుంది. బెండ, వంగ మీద నాలుగు పురుగులు ఉండనివ్వండి. అలాగే, పెంకుటిళ్ల సందుల్లో గూడు కట్టుకున్న పిచ్చుకకు మన స్లాబు ఇళ్లు సందు లేకుండా చేశాయి. ఒకటింబావు అంగుళం కంత ఉన్న చెక్కపెట్టెను ఎండ తగలని గోడకు బిగించండి. మహమ్మద్ దిలావర్ నాసిక్‌లో నేచర్ ఫరెవర్ సొసైటీ పెట్టి పిచ్చుకల కోసం పనిచేశారు. 2010 నుంచి మార్చి 20ని ప్రపంచ పిచ్చుకల దినంగా జరుపుకుంటున్నది ఆ చొరవతోనే. మీరు ఏ దినమూ జరపక్కర్లేదు, పెట్టె బిగిస్తే చాలు.

తెనాలి అపార్ట్‌మెంట్లలో ఉన్నవాళ్లకు సలహా వేరు. బాల్కనీలో గింజ పోస్తే పావురాల గుంపు దిగుతుంది, వాటి రెట్ట దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు. గింజ మానేయండి. నీళ్ల మూకుడు, ఒక కుండీలో మందారం, ఒక కుండీలో నూరువరహాలు పెట్టండి. తేనెపిట్ట నాలుగో అంతస్తుకైనా వస్తుంది.

పిట్టల మీద ప్రేమతో రామచిలుకను పంజరంలో పెట్టుకునేవాళ్లు ఇంకా ఉన్నారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అది నేరం. 2018లో ఆంధ్రప్రదేశ్ రామచిలుకను రాష్ట్ర పక్షిగా ప్రకటించుకుంది కూడా. చట్టం సంగతి పక్కన పెట్టినా, పంజరంలో పిట్ట మన వేళకు ఉంటుంది. జామచెట్టు మీద పిట్ట వేళకు మనం ఉండాలి. మనిషిని మార్చేది ఆ రెండోదే.

ఒక వారం ఇలా కూర్చున్నాక నోటు పుస్తకం తీయండి. తేదీ, వేళ, ఎండా మబ్బా, ఎవరొచ్చారు, ఏం చేశారు. అంతే. పేరు తెలియకపోతే 'కళ్ల కింద ఎర్ర మచ్చ, నెత్తిన నల్లటి కుచ్చు' అని రాయండి. పేరు తెలిస్తే చూడటం ఆపేసే గుణం మనకుంది. వర్ణన రాయాల్సి వస్తే మళ్లీ తలెత్తి చూడక తప్పదు. పేర్లు తర్వాత తెలుసుకోవచ్చు. కార్నెల్ పక్షిశాస్త్ర సంస్థ వారి మెర్లిన్ యాప్ ఫొటో చూపించినా, కూత వినిపించినా పేరు చెబుతుంది, ఉచితం. దాని కన్నా ముందు మీ ఊళ్లో పశువులు కాసినవాళ్లను, చేపలు పట్టేవాళ్లను అడగండి. ఈ మాట ఊరికే అనడం లేదు. కలివికోడి అనే పక్షి 1900 తర్వాత ఏ శాస్త్రజ్ఞుడికీ కనబడలేదు, అంతరించిందనే అనుకున్నారు. 1986లో అది కడప జిల్లాలో మళ్లీ దొరికింది. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ పరిశోధకుడు భరత్ భూషణ్ వెతుకుతుంటే, దాన్ని పట్టి తెచ్చింది ఐతన్న అనే స్థానిక వేటగాడు. 86 ఏళ్ల పాటు శాస్త్రం లేదనుకున్న పిట్ట ఆ చిట్టడవి మనిషికి తెలిసిన పిట్టే. మనకన్నా చదువు తక్కువైనవాళ్లను అడిగి తెలుసుకునే అలవాటు ఒక్కటి వచ్చినా ఈ సాధన ఫలించినట్టే.

దగ్గర్లో ఉన్నదాన్ని చూసి ఎంత దూరం పోవచ్చో తెలియాలంటే పక్షి శాస్త్రజ్ఞుడు సలీం అలీ జీవితంలో ఒక అధ్యాయం చదవాలి. 1930లో ఆయన జర్మనీలో శిక్షణ ముగించుకుని వచ్చేసరికి బొంబాయి మ్యూజియంలో ఉద్యోగం లేదు. డబ్బు లేక ఆ పోస్టే తీసేశారు. భార్యతో కలిసి బొంబాయికి ఎదురుగా సముద్రం అవతల ఉన్న కిహీం అనే పల్లెకు మారారు. ఇంటి దగ్గరే చెట్ల మీద గిజిగాళ్లు గూళ్లు కడుతున్నాయి. రోజుల తరబడి వాటినే చూశారు. అందరికీ తెలిసిన పిట్ట, పిల్లల పుస్తకాల్లో ఉన్న పిట్ట. అయినా దాని కాపురం ఎలా సాగుతుందో అంతవరకు ఎవరూ సరిగ్గా చూడలేదు. మగ గిజిగాడు గూడును సగం కట్టి ఆపుతాడు. ఆడవి వచ్చి లోపలికి దూరి పరీక్షిస్తాయి. ఒకదానికి నచ్చి అది స్థిరపడ్డాకే అతను గొట్టం దాకా అల్లి పూర్తి చేస్తాడు. అది గుడ్లు పెట్టి పొదుగుతుంటే ఇంకో గూడు మొదలుపెట్టి ఇంకో ఆడదాన్ని పిలుస్తాడు. ఎవరికీ నచ్చని సగం గూళ్లు అలాగే వేలాడుతుంటాయి. ఈ పరిశీలన 1931లో అచ్చయి ఆయనకు పేరు తెచ్చింది. ఆ తర్వాతే హైదరాబాద్ సంస్థానంలో పక్షుల సర్వే చేశారు. ఉద్యోగం పోయిన మనిషి, చేతిలో ఖాళీ సమయం, ఇంటి పక్కన చెట్టు. అదే పరిస్థితిలో మనలో చాలామంది ఏం చేస్తామో మనకు తెలుసు. డెల్టాలో గట్ల మీద తాటిచెట్లకు వేలాడే సగం గూళ్లు ఈసారి కనబడితే ఒక్క నిమిషం ఆగి చూడండి.

ఇప్పుడు ఫొటోల సంగతి. పెద్ద లెన్సు కొనే తొందర వద్దు, కనీసం ఒక ఏడాది. ఫోనుతో మొదలుపెట్టొచ్చు. మూకుడుకో కుచ్చుకో ఒక గజం దూరంలో ఎండుకొమ్మ ఒకటి పాతండి. పిట్ట నేరుగా తిండి మీద వాలదు, ముందు పక్కన కూర్చుని నలుదిక్కులా చూసుకుంటుంది. ఆ కూర్చునే చోటు మీరే ఏర్పాటు చేశారన్నమాట. కొమ్మ వెనకాల గోడ గానీ, ఆరేసిన చీరలు గానీ లేకుండా చెట్ల పచ్చదనం దూరంగా ఉండేట్టు చూసుకోండి. ఫోనును చిన్న స్టాండు మీద కొమ్మకు దగ్గరగా బిగించి, రిమోటుతోనో వీడియో పెట్టేసో లోపలికి వచ్చేయండి. కెమెరా ఉన్నవాళ్లు కిటికీ తెర సందులోంచి తీయండి. గంతులేసే చిన్న పిట్టకు షట్టరు వేగం సెకనులో వెయ్యో వంతైనా ఉండాలి. పొద్దున్న ఎండ మీ వీపు మీద పడాలి. నేల మీద మేసే గువ్వను తీయాలంటే పీట వేసుకుని కూర్చోండి, నిలబడి కిందికి తీస్తే దాని వీపే వస్తుంది. దాని కంటి ఎత్తుకు మనం దిగితే ఫొటోలో దాని చూపు వస్తుంది. ఫ్లాష్ వాడకండి. షట్టరు చప్పుడు ఆపేయండి.

అసలైన హద్దు ఒకటుంది. చేస్తున్న పని ఆపి పిట్ట మీ వైపు చూసిందంటే మీరు ఎక్కువ దగ్గరకొచ్చారు. ఒక అడుగు వెనక్కి వేయండి. గూడు కనబడితే ఫొటో తీయకండి, ఆకులు తప్పించి అసలే తీయకండి. మీరు పోయాక కాకి ఆ దారి చూస్తుంది. ఫోనులో కూత వినిపించి పిట్టను రప్పించకండి. తన చోటులోకి ఎవరో చొరబడ్డారనుకుని అది తిండి మానేసి తిరుగుతుంది. ఈ హద్దు తెలిసిన మనిషి ఇంట్లోనూ పనికొస్తాడు. మీరు గదిలోకి రాగానే కూతురు స్నేహితురాలితో మాట ఆపేసి మీ వైపు చూస్తే అర్థం అదే. ఏం మాట్లాడుకుంటున్నారని అడక్కండి. ఒక అడుగు వెనక్కి రండి. ఆమె తనంతట తాను వచ్చి చెబుతుంది, వచ్చినప్పుడు మీరు అక్కడ ఉండాలి.

ఏమీ రాని పొద్దులు బోలెడు ఉంటాయి. తప్పు మీది కాదు. మినుము చేలో పురుగు పడితే పిట్టలన్నీ అటే పోతాయి, ముసురు పడితే ఆకుల కింద దాక్కుంటాయి. ఆ రోజు కూడా పావుగంట కూర్చోండి, 'ఎవరూ రాలేదు, ముసురు' అని రాయండి. ఫలితం కనబడని రోజున కూడా చోటు వదలకుండా ఉండటం ఒక శక్తి. ఇంటర్వ్యూలకు తిరిగే కుర్రవాళ్లకు, కొత్తగా కొట్టు పెట్టినవాళ్లకు, ఇంట్లో రోగిని చూసుకునేవాళ్లకు రోజూ కావాల్సిన శక్తి. దానికి ఇంత తేలికైన అభ్యాసం దొరుకుతుంటే ఎందుకు వదులుకోవాలి?

అలవాటు కుదిరాక ఒక ఆదివారం గుంటూరు దగ్గర ఉప్పలపాడు వెళ్లండి. ఊరి చెరువులోని చెట్ల నిండా గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు పిల్లల్ని పెంచుతుంటాయి. అంత సంత మధ్య, అంత రెట్ట వాసన మధ్య ఆ ఊరివాళ్లు వాటిని తమవిగా చూసుకుంటున్నారు. పిల్లల్ని తీసుకెళ్తే పక్షులతో పాటు ఆ మనుషుల్నీ చూపించండి, వాళ్లతో నాలుగు మాటలు మాట్లాడించండి.

ఫిబ్రవరి నడుమ నాలుగు రోజులు ప్రపంచమంతా పెరటి పిట్టల్ని లెక్కపెడుతుంది. 1998లో అమెరికాలో మొదలైన గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్ 2013 నుంచి అన్ని దేశాలదీ అయింది. మన దేశంలో బర్డ్ కౌంట్ ఇండియా నడిపిస్తుంది. నియమం చాలా చిన్నది. ఎక్కడైనా ఒక చోట కనీసం 15 నిమిషాలుండి, చూసిన ప్రతి రకాన్నీ ఎన్నెన్ని ఉన్నాయో లెక్కతో ఈబర్డ్ అనే యాప్‌లో నమోదు చేయాలి. మీరు రోజూ పెరట్లో చేస్తున్న పనే. రెండు కాకులు, ఒక గోరింకే వచ్చినా అదే రాయండి, పెంచకండి, సిగ్గుపడకండి. బాపట్ల, రేపల్లె, తెనాలి బంధువులకూ ముందే ఫోన్ చేసి చెప్పి ఉంచండి. చోటు పేరు అడిగిన చోట మీ ఊరి పేరు నింపండి.